చలికాలము – పిస్తోలు తూటా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పౌరులు ఆత్మరక్షణకై పిస్తోలును వెంట ఉంచుకొనుటకు చట్టము అవకాశ మిచ్చుచున్నది. ఆ దేశపు ఉత్తర భాగములలో చలి మిక్కిలి తీవ్రముగా ఉండును. అలాస్కా రాష్ట్రములోని ఫెయిర్‌బాంక్స్ నగరములో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సున్నాకు 20 సెంటీగ్రేడు డిగ్రీలకంటె దిగువన ఉండును. అచ్చటి జనులు బనియను, చొక్కా, ఉన్ని స్వెట్టరు, వానిపై దూదిగాని ఈకలుగాని కూర్చిన మందపు కోటు ధరించి బయటకు వత్తురు. అందుచేత అక్కడి పోలీసులకును, పిస్తోలు కలవారికిని చలికాలము వచ్చినప్పుడెల్ల ఒక ప్రశ్న ఎదురగుచుండును. వేసవిలో సరిగా పనిచేసిన తూటా చలికాలములోను అట్లే పనిచేయునా?

దీనికి లోకములో రెండు జవాబులు ప్రచారములో ఉన్నవి. చలికి తుపాకి మందు బలహీనపడునని కొందరందురు. మందపు కోటు గుండును ఆపివేయునని మరికొంద రందురు. కొలిచి చూచినచో మొదటి మాటలో కొద్దిపాటి నిజము మాత్రమే కనబడును. రెండవ మాట తప్పు. కోటు గుండును ఆపదు. కాని గుండు పనిచేయు తీరును మార్చివేయును. ఈ మార్పును గ్రహించుటకు ముందుగా తూటా నిర్మాణమును తెలిసికొనవలెను.

తూటాలోని భాగములు

తూటాలో నాలుగు భాగము లున్నవి. మొదటిది ఇత్తడి గొట్టము. రెండవది దాని అడుగున అమర్చిన చిన్న క్యాపు. పిస్తోలులోని సూది తగిలినప్పుడు ఈ క్యాపు మెరుపువలె మండును. మూడవది గొట్టములోని మందు. నాలుగవది గొట్టము మూతిని బిగించిన గుండు. పిస్తోలు గుండు సామాన్యముగా లోపల సీసముతో, పైన రాగి తొడుగుతో చేయబడును.

పూర్వపు నల్లమందు స్థానములో నేడు వాడబడుచున్నది పొగలేని మందు. ఫ్రాన్సు దేశీయుడైన పాల్ వియే 1884లో దీనిని తయారుచేసెను. దీనికి మూలపదార్థము నైట్రోసెల్యులోజు. కొన్ని రకములలో దీనితో నైట్రోగ్లిసరిను కూడ కలుపుదురు. ఈ మందు పలుకులు పైపొర నుండి లోపలికి క్రమముగా మండును. అవి ఎంత త్వరగా మండినచో వాయువుల పీడనము అంత త్వరగా పెరుగును. ఆ పీడనమే గుండును గొట్టములోనుండి ముందుకు నెట్టును.

మందుపై చలి ప్రభావము

రసాయనిక చర్యలు సామాన్యముగా ఉష్ణోగ్రత తగ్గినకొలది మందగించును. తుపాకి మందుకును ఇదే నియమము వర్తించును. చల్లని మందు వెచ్చని మందుకంటె కొంచెము ఆలస్యముగా మండుటచేత గుండు వేగము కొద్దిగా తగ్గును. పిస్తోలు తూటాలలో ఈ తగ్గుదల నూటికి కొద్ది పాళ్లు మాత్రమే.

దీని పరిమాణమును విద్యార్థులే లెక్కించి చూడవచ్చును. 9 మిల్లీమీటర్ల పిస్తోలులో వాడు తేలిక గుండు బరువు సుమారు 7.5 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 350 మీటర్లు. ద్రవ్యరాశిలో సగమును వేగపు వర్గముతో గుణించినచో గతిజశక్తి 459 జౌళ్లు వచ్చును. చలివలన వేగము 340 మీటర్లకు తగ్గినదనుకొన్నచో శక్తి 434 జౌళ్లగును. నష్టము 25 జౌళ్లు మాత్రమే. ఒకే పెట్టెలోని తూటాలలో కూడ వేగము కొంత అటునిటు అగుచుండును గనుక ఈ తేడా పెద్దది కాదు.

అదియుగాక, కోటు క్రింద శరీరమును అంటిపెట్టుకొనియున్న పిస్తోలు బయటి గాలియంత చల్లబడదు. సైన్యమునకై తయారగు తూటాలను సున్నాకు 54 డిగ్రీల దిగువన కూడ పరీక్షించి స్వీకరించుదురు. కావున చలికి మందు చచ్చిపోవునను భయమునకు ఆధారము లేదు.

గాలి, నూనె, చెమ్మ

చల్లని గాలి సాంద్రత ఎక్కువ. 20 డిగ్రీలవద్ద ఒక ఘనమీటరు గాలి బరువు 1.2 కిలోగ్రాములుండగా, సున్నాకు 20 డిగ్రీల దిగువన అది 1.4 కిలోగ్రాములగును. గాలి నిరోధము ఆ మేరకు పెరుగును. దూరముగా పోవు రైఫిలు గుండు విషయములో దీనిని లెక్కింపవలసియుండును. కాని ఆత్మరక్షణ సందర్భములలో దూరము కొద్ది మీటర్లే. ఏడు మీటర్ల దూరములో ఈ అదనపు నిరోధమువలన కలుగు వేగనష్టము సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే.

నూనె సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. శీతకాలపు ఉదయమున సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టుట తెలుగువారి ఇండ్లలో అందరును చూచినదే. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలవద్దనే గట్టిపడును. పిస్తోలుకు వాడు నూనెలు అంత త్వరగా గట్టిపడవు గాని, తీవ్రమైన చలిలో చిక్కబడును. స్వయంచాలక పిస్తోలులో గుండు వెడలినప్పుడు కలుగు ఎదురుతోపే యంత్రమును వెనుకకు నెట్టి, ఖాళీ గొట్టమును బయటకు విసరి, మరియొక తూటాను లోనికి తెచ్చును. ఒకవైపు మందు తోపు కొంచెము తగ్గి, మరియొకవైపు చిక్కని నూనె అడ్డుపడినచో ఈ యంత్రము మధ్యలో ఆగిపోవచ్చును. అందుచేత చలి ప్రదేశములలో చలికి చిక్కబడని నూనెను, అదియు పలుచగా, వాడుదురు. నిండు శక్తిగల తూటానే ఎన్నుకొందురు.

చెమ్మ మరియొక చిక్కు. చలిలోనుండి వెచ్చని గదిలోనికి వచ్చినవాని కళ్లద్దములు మసకబారునట్లే, చల్లని లోహముపై గదిలోని ఆవిరి నీరై చేరును. ఆ పిస్తోలును తుడవక మరల బయటకు తీసికొనిపోయినచో ఆ నీరు మంచై యంత్రమును బిగించును.

కోటు గుండును ఆపునా?

ఇక రెండవ నమ్మకమునకు వత్తము. ఇది కొరియా యుద్ధకాలములో బాగుగా వ్యాపించినది. 1950 నవంబరు, డిసెంబరు నెలలలో చోసిన్ జలాశయమువద్ద అమెరికా సైనికులకును చైనా సైనికులకును ఘోరయుద్ధము జరిగెను. ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలకు మించి దిగువకు పడిపోయెను. చైనా సైనికులు దూదిపెట్టి కుట్టిన బొంత కోట్లు ధరించియుండిరి. తమ కార్బైను తుపాకుల గుండ్లు ఆ గడ్డకట్టిన కోట్లను దాటుటలేదని పలువురు సైనికులు చెప్పిరి.

కార్బైను పిస్తోలుకంటె పెద్దదైనను, దాని తూటా పెద్ద రైఫిలు తూటాకంటె చాల చిన్నది. దాని గుండు బరువు సుమారు 7 గ్రాములు. వేగము సెకనుకు సుమారు 600 మీటర్లు. శక్తి 1260 జౌళ్లు. అనగా పైన చెప్పిన పిస్తోలు గుండు శక్తికి రెండున్నర రెట్లకంటె ఎక్కువ. ఇట్టి గుండును నూలు, దూది ఆపజాలవు. గుండును ఆపగల వస్త్రము లేకపోలేదు. 1965లో స్టెఫనీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు కనుగొన్న పదార్థమునుండి వచ్చిన కెవ్లారు పోగులతో అట్టి కవచములు నేయుదురు. కాని అందుకు మిక్కిలి బలమైన ఆ పోగుల పొరలు అనేకము కావలెను. నూలుపోగు ఆ వేగమునకు తెగిపోవును, లేదా ప్రక్కకు తొలగిపోవును.

మరి సైనికుల అనుభవమునకు కారణమేమి? చీకటిలో, గడ్డకట్టిన వ్రేళ్లతో, పరుగెత్తు మనిషిపై కాల్చిన గుండు తగిలినదో లేదో చెప్పుట కష్టము. చలిలో కార్బైను యంత్రము తరచుగా మొరాయించెను. తగిలిన గుండు కూడ మనిషిని తక్షణమే పడవేయునన్న నియమము లేదు. ఈ కారణములను విడివిడిగా చూడక, కంటికి కనబడిన కోటుపైననే నేరము మోపుట జరిగినది. విజ్ఞానశాస్త్రములో ఇట్టి పొరపాటు కొత్త కాదు.

బోలుమొన గుండు

కోటు ఆపజాలనప్పుడు చలికాలములో చిక్కేమి? దానికి జవాబు గుండు మొనలో ఉన్నది.

నిండు తొడుగుగల గుండు మొన గుండ్రముగా, మూసికొని ఉండును. అది శరీరములో తన ఆకారమును మార్చుకొనక దూసుకొనిపోయి, తరచుగా వెనుకనుండి బయటపడి అవతలివానికి తగులును. మొన విచ్చుకొను గుండ్ల చరిత్రలో మన దేశమునకు సంబంధమున్నది. 1890 తరువాతి సంవత్సరములలో కలకత్తా సమీపమున డమ్‌డమ్ ఆయుధ కర్మాగారములో, మొనవద్ద సీసము బయటకు కనబడునట్లు చేసిన గుండ్లు తయారైనవి. వానికి ఆ ఊరిపేరే స్థిరపడినది. 1899లో హేగ్ నగరములో జరిగిన అంతర్జాతీయ సమావేశము ఇట్టి గుండ్లను యుద్ధములో వాడరాదని ప్రకటించెను.

అయితే ఆ నిషేధము దేశముల మధ్య యుద్ధములకు సంబంధించినది. నగర వీధులలో పోలీసుల సమస్య వేరు. అక్కడ గుండు దుండగుని దాటిపోయి దారినపోవు నిరపరాధికి తగులుటయే పెద్ద ప్రమాదము. న్యూయార్కు నగర పోలీసు శాఖ ఈ కారణము చూపియే 1998లో బోలుమొన గుండ్లకు మారుచున్నట్లు ప్రకటించెను.

బోలుమొన గుండు ముందుభాగమున చిన్న గిన్నెవంటి గుంట ఉండును. శరీర కణజాలములో అధికభాగము నీరే. గుండు దానిలో ప్రవేశించినప్పుడు ఆ మెత్తని పదార్థము గుంటలోనికి దూరి లోపలినుండి గోడలను వెలుపలికి త్రోయును. సెకనుకు 350 మీటర్ల వేగమున ఈ పీడనము సుమారు 600 వాతావరణ పీడనములకు సమానమగును. గుంట అంచులు పూరేకులవలె విచ్చుకొనును. 9 మిల్లీమీటర్ల గుండు 15 మిల్లీమీటర్లకు విచ్చుకొన్నచో దాని ముఖవైశాల్యము ఇంచుమించు 2.8 రెట్లగును. నిరోధము పెరిగి గుండు శరీరములోనే నిలిచిపోవును.

గుడ్డ చేయు పని

గుండు మందపు కోటును దాటునప్పుడు గుంట అంచు గుడ్డను బిళ్లగా కత్తిరించును. ఆ బిళ్లలు, దూది, ఉన్ని గుంటలో కూరుకొనిపోవును. సీసాకు బిరడా బిగించినట్లు గుంట మూసికొనిపోవును. పిదప శరీరములో ప్రవేశించినప్పుడు నీటివంటి పదార్థము లోపలికి దూరుటకు చోటుండదు. గోడలను త్రోయు పీడనము పుట్టదు. బోలుమొన గుండు నిండు తొడుగు గుండువలెనే దూసుకొనిపోవును.

అనగా కోటు గుండును బలహీనపరచుటలేదు; పైగా అది ఎక్కువలోతు పోవునట్లు చేయుచున్నది. కోటు రక్షించునని నమ్మినవాడును, వెనుకనున్న నిరపరాధియు ఇద్దరును అపాయములో పడుదురు. లోకములోని నమ్మకమునకు ఇది సరిగా వ్యతిరేకము.

జెలటిన్ దిమ్మెతో పరీక్ష

దీనిని కొలుచుటెట్లు? మందుల గొట్టములు చేయుటకు వాడు జెలటినునే ఇందుకు వాడుదురు. అమెరికా సైనిక వైద్యుడు డాక్టరు మార్టిన్ ఫాక్లర్ గాయములను పరిశోధించి, నూటికి 10 పాళ్లు జెలటిన్ గల దిమ్మెను 4 డిగ్రీలవద్ద ఉంచినచో అది కండరమువలె గుండును నిరోధించునని చూపెను. దిమ్మె సరిగా తయారైనదో లేదో తెలిసికొనుటకు ముందుగా ఒక చిన్న ఉక్కుగుండును సెకనుకు సుమారు 180 మీటర్ల వేగమున దానిలోనికి కొట్టుదురు. అది 8.5 సెంటీమీటర్ల సమీపమున నిలిచినచో దిమ్మె సరియైనది. తక్కెడను వాడుటకు ముందు సరిచూచుకొనుటవంటిదే ఇది.

ఇట్టి పరీక్షలకు ప్రాముఖ్యము కలిగించిన సంఘటన వెచ్చని మయామీ నగరములో జరిగినది. 1986 ఏప్రిల్ 11న అమెరికా కేంద్ర నేరపరిశోధక సంస్థయైన ఎఫ్.బి.ఐ. ఉద్యోగులకును ఇద్దరు దోపిడిగాండ్రకును అక్కడ కాల్పులు జరిగెను. ఒక ఉద్యోగి కాల్చిన 9 మిల్లీమీటర్ల బోలుమొన గుండు ఒక దోపిడిగాని చేతినుండి దూరి, రొమ్ములో ప్రవేశించి, గుండెకు కొద్దిలో నిలిచిపోయెను. అతడు ఇంకను పోరాడుచునే ఉండెను. ఇద్దరు ఉద్యోగులు మరణించిరి, ఐదుగురు గాయపడిరి, దోపిడిగాండ్రిద్దరును చనిపోయిరి. అక్కడ అడ్డువచ్చినది కోటు కాదు, చేయి. అయినను దాని పాఠము చలిదేశములకును వర్తించునదే: గుండు సూటిగా, అడ్డులేక శరీరమును చేరునని అనుకొనరాదు.

పిమ్మట ఎఫ్.బి.ఐ. కొత్త పరీక్షా పద్ధతిని ఏర్పరచెను. గుండు దిమ్మెలో కనీసము 12 అంగుళములు, అనగా 30 సెంటీమీటర్లు, చొచ్చుకొనిపోవలెను. 18 అంగుళములు, అనగా సుమారు 45 సెంటీమీటర్లు, దాటరాదు. దిమ్మెను ఊరక ఉంచియు, గోడపలక, ప్లైవుడ్డు, ఉక్కురేకు, కారు అద్దము అడ్డుపెట్టియు కాల్చుదురు. మందపు దుస్తుల పరీక్షలో బనియను గుడ్డ, చొక్కా గుడ్డ, చలికోట్లకు వాడు నూగుగుడ్డ, డెనిం గుడ్డ ఒకదానిపై నొకటి కప్పుదురు.

ఇంతకంటె కఠినమైనది నాలుగు పొరల డెనిం పరీక్ష. ఎవరును జీన్సు గుడ్డను నాలుగు మడతలు వేసి తొడుగుకొనరని కొందరు ఆక్షేపింతురు. అది నిజమే. కాని ఈ పరీక్ష ఒకానొక కోటును అనుకరించుటకు ఉద్దేశింపబడినది కాదు. గుంటను మూసివేయు పరిస్థితిని మిక్కిలి కఠినముగా కల్పించి, అందులోను విచ్చుకొనగల గుండేదో తేల్చుటయే దీని ప్రయోజనము.

ఎన్నికకు సూత్రములు

ఈ పరీక్షల ఫలితముగా గుండ్ల నిర్మాణము మారినది. కొన్నింటిలో గుంటను వెడల్పుచేసి, అంచున గాట్లు పెట్టి, గుడ్డ చేరినను రేకులు విడునట్లు చేసిరి. హార్నడీ వంటి కంపెనీలు గుంటను మెత్తని రబ్బరువంటి పదార్థముతో ముందే నింపినవి. అట్టి మొనలోనికి గుడ్డ దూరుటకు చోటులేదు. శరీరములో ప్రవేశించినప్పుడు ఆ పదార్థమే వెనుకకు నొక్కబడి గోడలను విడదీయును.

చలికాలమునకు మరింత పెద్ద పిస్తోలు కావలెనను మాట కూడ ఈ పరీక్షలయెదుట నిలువలేదు. మంచి నిర్మాణముగల 9 మిల్లీమీటర్ల గుండ్లు అంతకంటె లావైన గుండ్లతో సమానముగా పనిచేయుచున్నవని 2014లో ఎఫ్.బి.ఐ. శిక్షణ విభాగమే వివరించెను. లావుకంటె నిర్మాణము ముఖ్యము.

బరువైన గుండుకు ఒక అనుకూలత ఉన్నది. 9.5 గ్రాముల గుండు సెకనుకు 300 మీటర్ల వేగమున పోవుననుకొందము. దాని శక్తి సుమారు 428 జౌళ్లు, 7.5 గ్రాముల గుండు శక్తికంటె తక్కువ. కాని ద్రవ్యవేగము 2.85 ప్రమాణములు, తేలిక గుండుకు 2.63 మాత్రమే. మొన విచ్చుకొన్న పిదప కూడ తగినంత లోతు పోవుటకు ఈ అధిక ద్రవ్యవేగము తోడ్పడును.

జేబులో పట్టు చిన్న పిస్తోళ్లలో వాడు ‘త్రీ ఎయిటీ’ తూటా విషయము కొంత చిక్కైనది. దాని వేగము తక్కువ. గుంట గుడ్డతో మూసికొనిపోయి గుండు విచ్చుకొనకపోవచ్చును. లేదా విచ్చుకొని, చాలినంత లోతు పోకయే నిలిచిపోవచ్చును. ఒకటి సరిచేయబోయిన మరియొకటి తప్పును. అందుకే అట్టి చిన్న పిస్తోలుకు విచ్చుకొనని గుండే మేలని వాదించువారు కూడ కలరు. అయితే అది దాటిపోవు అపాయమును వారు ఒప్పుకొనవలసియే ఉండును.

కావున చలిప్రదేశములో తూటాను ఎన్నుకొనువాడు చూడవలసినవి మూడు. ఊరక ఉంచిన దిమ్మెలోను, మందపు దుస్తులు కప్పిన దిమ్మెలోను గుండు 30 నుండి 45 సెంటీమీటర్ల మధ్య నిలిచినదా? ఆ పరీక్ష తన పిస్తోలంత పొడవు గొట్టముతోనే జరిగినదా? ఆ తూటాతో తన పిస్తోలు చలిలో ఆగక పనిచేయుచున్నదా? ప్రకటనలలోని ఆర్భాటపు పేర్లు ఈ మూడింటిలో దేనికిని జవాబు చెప్పవు.

తరగతి గదిలో ఒక ప్రయోగము

గుంట మూసికొనిపోవుటను ఆయుధములతో పనిలేకయే బడిలో చూపవచ్చును. కలము మూత నొకదానిని తీసికొని, తెరచిన వైపును తడి బంకమన్నులోనికి నొక్కి పైకి తీయవలెను. మూతలోనికి మన్ను దూరియుండును. మూతను కడిగి, మన్నుపై పాతగుడ్డను నాలుగైదు మడతలు పరచి మరల నొక్కవలెను. ఈసారి మూతలోనికి గుడ్డ దూరును గాని మన్ను దూరదు. గుండు విచ్చుకొనుటకు కావలసినది లోపలికి దూరు ఆ మెత్తని పదార్థమే. దానికి చోటు లేకపోయినప్పుడు ఏమగునో విద్యార్థులే చెప్పగలరు.

ఒక పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడదీసి, ఒక్కొక్కదానిని వేరువేరుగా కొలుచుట భౌతికశాస్త్ర పద్ధతి. చలి అను ఒక్కమాటలో మందు, గాలి, నూనె, చెమ్మ, గుడ్డ అను ఐదు కారణములు కలిసియుండినవి. విడదీసి చూచినప్పుడు అందరును భయపడిన మందు దోషము స్వల్పమని, ఎవరును అనుమానింపని గుడ్డ దోషము పెద్దదని తేలినది.

భారతదేశములో 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే పిస్తోలునుగాని తూటానుగాని ఉంచుకొనుట నేరము. 9 మిల్లీమీటర్ల పిస్తోలు సామాన్య పౌరులకు నిషిద్ధము. ఇక ఏ దేశములోనైనను, ఎంత జాగ్రత్తతో ఎన్నుకొన్న గుండైనను గొట్టమును వీడిన పిదప వెనుకకు పిలిచినచో రాదు. అది తగిలిన మనిషిలో నిలుచునా, దాటి పోవునా అను విషయము గుడ్డ, నీరు, వేగము, సీసము నిర్ణయించును. గొట్టమును వీడవలెనా, వలదా అను విషయము మాత్రము మనిషి చేతిలోనే ఉండును. ప్రాణము పోవు సమయమున తప్ప, వేరే దారి ఉన్నంతవరకు, దానిని వీడనీయకుండుటయే మేలు.